రెంటర్స్ ఇన్సూరెన్స్: ఎవరి పేరున, ఏ కారణానికి?

డల్లాస్ దగ్గర కొత్తగా అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకున్నామని, రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవారు తీసుకునే బీమా) లేనిదే లీజింగ్ ఆఫీసువారు తాళాలు ఇవ్వమంటున్నారని, ఇంట్లోని పెళ్ళినాటి బంగారం పోతే ఆ పాలసీ కింద డబ్బు వస్తుందా అని మీరు అడిగారు. వస్తుంది, కానీ మీరు ఆశించినంత రాదు. ఆ లెక్క తరువాత చెబుతాను. అంతకన్నా ముందు చూసుకోవలసినవి రెండున్నాయి: పాలసీ ఎవరి పేరున ఉంది, నష్టం ఏ కారణంగా జరిగితే డబ్బు చెల్లిస్తుంది. మనవాళ్ళలో ఎక్కువమంది నెలకు ఎంత కట్టాలన్నది ఒక్కటే చూసి సంతకం పెట్టేస్తారు.

డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మేముండే అపార్ట్‌మెంట్లలో 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో జరిగినది చూశాక నాకు ఈ అభిప్రాయం స్థిరపడింది. ఆ నెల 15వ తేదీ తెల్లవారుజామున టెక్సాస్ గ్రిడ్‌లో కరెంటు కోతలు మొదలయ్యాయి. మరునాడు డల్లాస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. హీటర్లు ఆగిపోయి, అటకలోని స్ప్రింక్లర్ గొట్టంలో నీరు గడ్డకట్టింది. గొట్టం పగిలిన సంగతి గడ్డకట్టినప్పుడు తెలియదు, కరగడం మొదలైనప్పుడే తెలుస్తుంది. ఆ నీరు పై అంతస్తులోని ఇంటిని ముంచి, మా పడకగది పైకప్పును నానబెట్టి, సరిగ్గా భోజనాల వేళ తడిసిన షీట్‌రాక్‌ను, అంటే పైకప్పుకు వేసిన జిప్సం అట్టను, పలకలు పలకలుగా మంచం మీదికి కూల్చింది. పరుపు, లాప్‌టాప్, మంచం కింది సూట్‌కేసులోని పట్టుచీరలు, గోడవారగా ఉంచిన నా భార్య వాయించే వీణ, అన్నీ ఆ మురికినీటిలో తడిసిపోయాయి.

భవనానికి యజమాని బీమా ఉంటుంది. అది గోడలకు, పైకప్పుకు, ఆయన అమర్చిన వస్తువులకు వర్తిస్తుంది. మన సామానుతో దానికి సంబంధం లేదు. మా సామానుకు మా పాలసీయే దిక్కయింది, ఎందుకంటే గొట్టం నుంచి అకస్మాత్తుగా చిమ్మిన నీరు ఆ పాలసీలో రాసి ఉన్న కారణాల జాబితాలో ఉంది. అగ్నిప్రమాదం, పొగ, పిడుగు, వడగళ్ళు, దొంగతనం వంటివి కూడా ఆ జాబితాలో ఉంటాయి. జాబితాలో లేని కారణంగా ఏది పోయినా అది మన ఖాతాయే.

క్లెయిమ్ వేశాక ఫోనులో మాట్లాడిన అడ్జస్టర్, అంటే బీమా కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టేవారు, మర్యాదస్తుడే గానీ, ఆయనకు వీణ అంటే ఏమిటో తెలియదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసదుంగను తొలిచి చేసే వీణ అని, ఇక్కడి దుకాణాల్లో దాని ధర దొరకదని నేను వివరిస్తూంటే, మీ భార్య డబ్బు తీసుకుని పాఠాలు చెబుతారా అని ఆయన అడిగారు. ఆ ప్రశ్న ఊరికే అడిగినది కాదు. సంపాదనకు వాడే వస్తువులకు ప్రామాణిక పాలసీల్లో వేరే పరిమితి ఉంటుంది. ఇంట్లో సంగీతం క్లాసులు, నృత్యం క్లాసులు నడిపేవారు, కేటరింగ్ చేసేవారు దీనిని గుర్తుంచుకోవాలి. మా ఇంట్లో పాఠాలు లేవు కాబట్టి, బొబ్బిలి నుంచి కొటేషన్ తెప్పించి ఇస్తే ఆయన ఒప్పుకున్నారు.

పట్టుచీరలకు బిల్లులు ఎవరు దాచుకుంటారు? మమ్మల్ని ఆదుకున్నవి వరలక్ష్మీ వ్రతం ఫోటోలు. ఏటా పేరంటాళ్ళతో కలిసి తీయించుకున్న ఆ ఫోటోల్లో చీరలు, వెనుక సోఫా, టీవీ, బల్ల మీది లాప్‌టాప్ కూడా స్పష్టంగా ఉన్నాయి. మాది రీప్లేస్‌మెంట్ కాస్ట్ పాలసీ కనుక, ముందు 500 డాలర్ల డిడక్టిబుల్ (నష్టంలో మనమే భరించవలసిన వాటా) మినహాయించి, వస్తువు పాతబడిన మేరకు తగ్గించిన విలువను ఇచ్చారు. కొత్తవి కొని రసీదులు పంపాక మిగిలిన తేడా ఇచ్చారు. యాక్చువల్ క్యాష్ వేల్యూ పాలసీ అయితే ఆ రెండో చెల్లింపు ఉండదు, వాడిన సోఫాకు వాడిన సోఫా ధరే వస్తుంది. ఈ రెండింటికీ నెలవారీ తేడా కొద్ది డాలర్లే ఉంటుంది కాబట్టి, మొదటిది తీసుకోమనే నా గట్టి సలహా. ఇల్లు బాగయ్యేవరకు హోటల్ ఖర్చు కూడా పాలసీయే భరించింది. అయితే భోజనానికి ఇచ్చినది మొత్తం ఖర్చు కాదు. మామూలుగా ఇంట్లో వండుకుంటే అయ్యే ఖర్చును తీసివేసి పై తేడా మాత్రమే ఇచ్చారు. అందుకని నెలకు కిరాణాకు ఎంత పెడతారో కూడా చెప్పవలసి వచ్చింది.

మా పక్క ఇంట్లోని కుర్రవాళ్ళ కథ వేరు. నలుగురు కలిసి ఉండేవారు, పాలసీ ఒకరి పేరున ఉంది. ఆ ఒక్కరి సామానుకే డబ్బు వచ్చింది. మిగతా ముగ్గురి లాప్‌టాప్‌లు, మానిటర్లు వారి సొంత నష్టంగానే మిగిలాయి. భార్యాభర్తలైతే, ఒకే ఇంట్లో ఉండే దగ్గరి బంధువులైతే ఒకే పాలసీ సాధారణంగా సరిపోతుంది. రూమ్మేట్లు బంధువులు కారు. వారి పేర్లు పాలసీలో ఉండాలి, లేదా ఎవరిది వారు తీసుకోవాలి.

కింది అంతస్తులోని కుటుంబానికి అంతకన్నా అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. వారు ప్రతి నెలా అద్దెతోపాటు ఇన్సూరెన్స్ అనే పద్దు కింద లీజింగ్ ఆఫీసుకే డబ్బు కడుతున్నారు కనుక తమకు బీమా ఉందని నమ్మారు. తీరా చూస్తే అది అద్దెకున్నవారి వల్ల భవనానికి కలిగే నష్టం నుంచి యజమానిని కాపాడే ఏర్పాటు మాత్రమే. వారి మంచానికి, చీరలకు, పిల్లల పుస్తకాలకు అందులో ఒక్క డాలరూ లేదు. లీజు మీద సంతకం చేయించేటప్పుడు ఈ మాట పెద్దక్షరాలతో రాసి చూపాలని చట్టం చేయాలి. మీరు మాత్రం ఆ పద్దు వద్దని చెప్పి, బయట సొంత పాలసీ తీసుకుని, అందులో యజమానిని ఇంట్రెస్టెడ్ పార్టీగా, అంటే పాలసీ సమాచారం అందుకునే వ్యక్తిగా, చేర్పించండి. వారికి కావలసిన రుజువు దానితో అందుతుంది. వారు సాధారణంగా అడిగేది లక్ష డాలర్ల లయబిలిటీ, అంటే మీ వల్ల ఇతరులకు కలిగే నష్టానికి బీమా. పొయ్యి మీద బజ్జీల నూనె అంటుకుని వంటగది కాలిపోతే, యజమాని బీమా కంపెనీ ఆయనకు డబ్బిచ్చేసి తరువాత మీ మీదికి వస్తుంది. అప్పుడు మీ వైపు నిలిచేది ఈ లయబిలిటీ భాగమే.

నీటి విషయంలో ఒక మెలిక ఉంది. పైనుంచి గొట్టం పగిలి పడిన నీటికి డబ్బు వస్తుంది; వానకు ఊరు మునిగి నేల మీదుగా ఇంట్లోకి వచ్చిన నీటికి రాదు. 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్ మునిగినప్పుడు ఎందరో అద్దెదారులకు ఈ తేడా అనుభవంలోకి వచ్చింది. దానికి ప్రభుత్వ వరద బీమా వేరుగా ఉంది, అద్దెదారుల సామానుకు లక్ష డాలర్ల వరకు ఇస్తుంది. కానీ కొన్న తరువాత సాధారణంగా 30 రోజులకు గాని అమలులోకి రాదు కనుక, తుఫాను హెచ్చరిక విని కొంటే ప్రయోజనం లేదు. మంచానికి పట్టే నల్లుల వల్ల కలిగే నష్టం కూడా జాబితాలో లేదు. భారతదేశం నుంచి వచ్చి మీతో ఉండే అమ్మానాన్నలు బాత్రూంలో జారిపడితే ఆస్పత్రి బిల్లు ఇందులోంచి వస్తుందని అనుకోవద్దు; దానికి విజిటర్ ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాలి. మరోవైపు, కారు అద్దం పగలగొట్టి బ్యాగు ఎత్తుకుపోతే సామాను వరకు కారు బీమా కాక ఈ పాలసీయే పనికివస్తుంది. హైదరాబాద్ ప్రయాణంలో సూట్‌కేసు దొంగతనానికి గురైనా ఇదే వర్తిస్తుంది.

ఇక మీ బంగారం. ప్రామాణిక పాలసీల్లో నగలు దొంగలపాలైతే చెల్లింపు చాలావరకు 1,500 డాలర్ల దగ్గర ఆగిపోతుంది. అది ఒక్కొక్క నగకు కాదు, మొత్తానికి. ఈనాటి ధరలో ఆ డబ్బుకు రెండు కాసుల బంగారం కూడా రాదు. ఎక్కడో జారిపోయింది, ఎప్పుడు పోయిందో తెలియదు అంటే అదీ ఇవ్వరు. మన ఇళ్ళలో బంగారం ఉంటుందని దొంగలకు బాగా తెలుసు. 2011 నుంచి 2014 వరకు టెక్సాస్, జార్జియా, మిషిగన్ వంటి రాష్ట్రాల్లో ఆసియా, భారతీయ కుటుంబాల ఇళ్ళనే ఎంచుకుని దోచిన ముఠా నాయకురాలికి 2019లో 37 ఏళ్ళ జైలుశిక్ష పడింది. కాబట్టి ముఖ్యమైన నగలను పాలసీలో విడిగా షెడ్యూలు చేయించండి, అంటే ఒక్కొక్క నగను దాని విలువతో సహా రాయించండి. నగ విలువలో నూటికి ఒకటి రెండు వంతులు ఏడాదికి ఖర్చవుతుంది, పోగొట్టుకున్నా సాధారణంగా వర్తిస్తుంది. ఊళ్ళో దుకాణం ఇచ్చిన పాత బిల్లులో తరుగు, మజూరీ ఎంత వివరంగా ఉన్నా అది ఆనాటి ధర కనుక, ఇక్కడి నగల నిపుణుడితో బరువు, స్వచ్ఛత రాయించి కొత్తగా విలువ కట్టించండి. బ్యాంకు లాకర్లో పెట్టినా షెడ్యూలు అవసరమే, ఎందుకంటే బ్యాంకు డిపాజిట్లకు అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ ఇచ్చే బీమా ఆ డిపాజిట్లకే వర్తిస్తుంది గాని లాకర్లోని వస్తువులకు కాదు. లాకర్లో ఉంచే నగలకు ప్రీమియం తగ్గించే కంపెనీలున్నాయి. ఏజెంటును ఆ మాట మీరే అడగాలి, ఆయనంతట ఆయన చెప్పరు.