పొదుపు సంఘం అప్పా, వారం కిస్తీ అప్పా?

ప్రశ్న: ఎకరన్నర మెట్ట పొలంలో కంది వేస్తున్నాము. విత్తనాలకు, ఎరువులకు డబ్బు కావాలి. సంఘం అప్పుకు తీర్మానం, సంతకాలు అంటున్నారు. ఒక ప్రైవేటు ఫైనాన్సు వారు వారం కిస్తీల మీద రెండు రోజుల్లోనే ఇస్తామంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకురాలు, కలిగిరి మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, వడ్డీ కంటే ముందు కిస్తీ గడువు చూడండి. కంది చేతికి రావడానికి నెలలు పడుతుంది. వారం వారం కట్టవలసిన అప్పును పంట రాకముందే కూలి డబ్బుతోనో, మరో అప్పుతోనో తీర్చవలసి వస్తుంది. ఇలాంటి ఒత్తిడి వల్లనే 2010లో మన రాష్ట్రం పేదలకు చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. సంఘం పొదుపు నిధి నుంచి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి తీసుకున్నా, ఆ వడ్డీ సంఘానికే చేరి అందులో మీకూ వాటా ఉంటుంది. కోత తరువాత అసలు కట్టేలా గడువు అడిగి, దానిని తీర్మానంలో రాయించుకోండి. (1992లో మహిళలు సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన దూబగుంట గ్రామం మీ మండలంలోదే, గడువు అడగడానికి మొహమాటమెందుకు?) తప్పనిసరై బయట తీసుకుంటే, 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం సూక్ష్మరుణానికి తాకట్టు అడగకూడదు, ముందుగా తీర్చినందుకు జరిమానా వేయకూడదు. వడ్డీ, రుసుములు అన్నీ చూపే పత్రాన్ని తెలుగులోనే ఇవ్వమని అడిగి, చదివాకే సంతకం చేయండి.