రుమేనియా డిఫెండర్ బాటలో నడవాలంటే

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు, పాఠశాల ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్. రుమేనియా ఆటగాడు క్రిస్టియన్ కివు అంటే వాడికి ప్రాణం. పది పూర్తి కాగానే యూరప్ పంపమని పట్టుబడుతున్నాడు. అక్కడి క్లబ్బుల్లో ట్రయల్స్ (ఎంపిక పరీక్షలు) ఏర్పాటు చేస్తానంటూ ఒక ఏజెంటు డబ్బు అడుగుతున్నాడు. పంపవచ్చా?
- ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఇప్పుడే పంపవద్దు. మీ అబ్బాయి ఆదర్శంగా ఎంచుకున్న ఆటగాడి ప్రస్థానాన్ని నిదానంగా పరిశీలిస్తే కారణం అతనికే తెలుస్తుంది.

కివు 1980లో రుమేనియాలోని ఉక్కు పరిశ్రమల పట్టణం రెషిత్సాలో పుట్టాడు. తండ్రి కూడా ఫుట్‌బాల్ ఆటగాడే, ఆ తర్వాత కోచ్. సొంత ఊరి జట్టులో ఆడి, అక్కడి నుంచి క్రయోవా క్లబ్బుకు చేరి, స్వదేశీ లీగులో పెద్దవాళ్లతో తలపడి రాటుదేలిన తర్వాతే, 1999లో, పద్దెనిమిదేళ్ల వయసులో నెదర్లాండ్స్‌లోని అయాక్స్ క్లబ్బుకు వెళ్లాడు. అక్కడ చిన్న వయసులోనే కెప్టెన్ అయ్యాడు. 2002లో ఆ జట్టు లీగు టైటిల్‌నూ దేశీయ కప్పునూ గెలిచింది. ఆ తర్వాతే ఇటలీలో రోమా క్లబ్బు, 2007 నుంచి ఇంటర్ మిలన్ క్లబ్బు. ఎడమకాలి ఆటగాడైన కివు సెంటర్ బ్యాక్‌గానూ (రక్షణ వరుస మధ్యలో) లెఫ్ట్ బ్యాక్‌గానూ (ఎడమ అంచున) ఆడగలగడం వల్ల కోచ్‌లకు ఎప్పుడూ అక్కరకు వచ్చేవాడు. మీ అబ్బాయి ఇప్పటినుంచే అలవరచుకోదగినది ఈ గుణమే.

ఈ వృత్తిలోని ప్రమాదాన్ని కూడా దాచకుండా చెప్పాలి. 2010 జనవరిలో ఒక మ్యాచ్‌లో ప్రత్యర్థితో తలలు ఢీకొని కివు పుర్రె ఎముక విరిగింది, శస్త్రచికిత్స జరిగింది. రెండు మూడు నెలల్లోనే తలకు రక్షణ కవచం ధరించి మైదానంలోకి దిగి, ఆ మే నెలలో మాడ్రిడ్‌లో బాయర్న్ మ్యూనిక్‌పై ఇంటర్ మిలన్ 2-0తో గెలిచిన యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లోనూ ఆడాడు. అయినా 2014లో, ముప్ఫై మూడేళ్లకే, ఆటకు స్వస్తి పలికాడు. రుమేనియా తరఫున 75 మ్యాచ్‌లు ఆడినవాడికి సైతం అంతటితో ఆట ముగిసింది. తర్వాత ఇంటర్ మిలన్ కుర్రాళ్ల జట్లకు ఏళ్ల తరబడి శిక్షణ ఇచ్చి, 2025లో పార్మా జట్టును ఇటలీ అగ్రశ్రేణి లీగు నుంచి జారిపోకుండా కాపాడి, అదే ఏడాది ఇంటర్ మిలన్ ప్రధాన కోచ్ అయ్యాడు.

ఇక ఏజెంటు సంగతి. ఫిఫా నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాడిని, కొన్ని పరిమిత మినహాయింపులు తప్ప, విదేశీ క్లబ్బు నమోదు చేసుకోకూడదు. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి నివాసం మార్చడం అలాంటి మినహాయింపుల్లో ఒకటి. అది మీకు వర్తించదు కనుక ట్రయల్ ఎంత బాగా జరిగినా ఇప్పట్లో ఒప్పందం దక్కదు. డబ్బు ఇవ్వకండి, క్లబ్బు ఆహ్వాన పత్రం ఉందంటే నేరుగా ఆ క్లబ్బునే అడిగి నిర్ధారించుకోండి.

ఈ రెండు మూడేళ్లూ పాఠశాల జట్టు ద్వారా సుబ్రతో కప్ (పాఠశాలల జాతీయ ఫుట్‌బాల్ టోర్నీ) స్థాయి పోటీలకు, రాష్ట్ర సంఘం ఎంపికలకు సిద్ధం చేయించండి. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకున్నా ఫర్వాలేదు గానీ, ఉదయం, సాయంత్రం సాధనకు వీలివ్వని రెసిడెన్షియల్ కళాశాలలో మాత్రం చేర్చకండి. ఇంటర్మీడియట్ తర్వాత డీపీఎడ్‌కు (వ్యాయామ విద్య డిప్లొమా), డిగ్రీ తర్వాత బీపీఎడ్‌కు (వ్యాయామ విద్య డిగ్రీ) పీఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా ప్రవేశాలు ఉంటాయి. శిక్షకుడిగా స్థిరపడదలిస్తే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే డి స్థాయి కోచింగ్ లైసెన్సుతో మొదలుపెట్టవచ్చు.