పాసడీనాలోని క్రాఫ్ట్స్‌మన్ ఇళ్ల వరుసకు వారసత్వ విలువ ఎక్కడి నుంచి వచ్చింది?

కాలిఫోర్నియాలోని పాసడీనాలో, బంగళో హెవెన్ పేటలో 1912 నాటి ఇల్లు కొన్నామని, వీధివైపు చెక్క కిటికీలు తీసేసి వినైల్ (ప్లాస్టిక్) కిటికీలు పెట్టించబోతే నగర అనుమతి కావాలన్నారని, మహళ్లు కాని ఈ చిన్న చెక్క ఇళ్లకు అంత వారసత్వ విలువ ఏమిటని మీరు అడిగారు. ఆ పేటలోనే, దాదాపు అదే వయసున్న ఇంట్లో మేము పద్నాలుగేళ్లుగా ఉంటున్నాం. మొదటి ఏడాది నేనూ ఇదే ప్రశ్న కొంత చిరాకుతోనే అడిగాను కనుక, తర్వాత తెలిసివచ్చినది వివరంగా రాస్తున్నాను.

ఈ ఇళ్ల శైలికి క్రాఫ్ట్స్‌మన్ అన్న పేరు అమెరికాలో ఫర్నిచర్ తయారుచేసే గుస్తావ్ స్టిక్లీ 1901 నుంచి 1916 దాకా నడిపిన ‘ది క్రాఫ్ట్స్‌మన్’ పత్రిక వల్ల స్థిరపడింది. యంత్రం అచ్చుపోసే నగిషీల కన్నా పనివాడి నేర్పు కనిపించే సాదా చెక్కపని మేలన్న ఆలోచనను ఇంగ్లండులో డిజైనర్ విలియం మోరిస్ వంటివారు ముందుకు తెచ్చారు. స్టిక్లీ దానిని మామూలు కుటుంబం కట్టుకోగల ఇంటి ప్లాన్ల రూపంలో అమెరికా పాఠకులకు అందించాడు. ఈ ఊళ్లోనే వాస్తుశిల్పులైన గ్రీన్ సోదరులు 1908లో రూపొందించిన గ్యాంబుల్ హౌస్ ఆ శైలికి శిఖరం వంటిది, కానీ అది సంపన్నుల ఇల్లు. మన పేటలోనివి ఎక్కువగా ప్లాన్ పుస్తకాలు చూసి స్థానిక బిల్డర్లు కట్టినవి. నౌకర్లు లేని కుటుంబం సుఖంగా కాపురం చేయడానికి ఏమేమి కావాలని ఆ కాలం అనుకుందో ఈ ఇళ్లలో తెలుస్తుంది: గోడలో కలిపి కట్టిన పుస్తకాల అరలు, భోజనాల గదిలో గోడకే అమర్చిన గిన్నెల బీరువా, అడ్డుగోడ లేకుండా ఒకదానిలోకి ఒకటి తెరుచుకునే ముందుగదులు.

అయితే, నా అభిప్రాయంలో, అసలు విలువ ఏ ఒక్క ఇంటిదీ కాదు, వరుసది. వాలు తక్కువ కప్పులు, బాగా ముందుకు వచ్చిన చూరు, దాని కింద మూయకుండా వదిలిన వాసాల కొసలు, అడుగున లావుగా ఉండి పైకి సన్నబడే వరండా స్తంభాలు, వాటి కింద ఈ ఊరి అరోయో వాగు నుంచి తెచ్చిన గుండ్రాళ్లు ఇంటి తర్వాత ఇంటికి చిన్నచిన్న తేడాలతో సాగుతాయి. కోనసీమ నుంచి వచ్చిన మా అమ్మ మొదటి సాయంత్రం నడకలోనే ఇది అరుగుల వీధి అంది. బంగళో అన్న మాట మన బంగళాయే కనుక ఆ పోలిక నాకు అతిగా తోచలేదు. మా ఊళ్లోనూ పెంకుటిళ్ల వీధి ఒకటి ఉండేది. ఒకరు అరుగు తీసి కారు షెడ్డు వేసుకున్నారు, మరొకరు వసారా మూసి గది చేసుకున్నారు. ఎవరి అవసరం వారిది, ఎవరినీ తప్పుపట్టలేం, కానీ పదిహేనేళ్లలో ఆ వీధి లేకుండా పోయింది. ఇక్కడ 1980లలో ఒక బంగళా పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టినప్పుడు నివాసులు కలిసి కదిలారు కనుకనే 1989లో ఇది నగరపు మొదటి ల్యాండ్‌మార్క్ డిస్ట్రిక్ట్ (వారసత్వ రక్షణ ఉన్న పేట) అయింది, 2008లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. ఈ రోజు 800కు పైగా ఇళ్లు నిలిచి ఉన్నాయి.

ఇక మీ కిటికీల సంగతి. మేము చేరిన కొత్తలో ఒక కాంట్రాక్టరు మాట విని పెరటివైపు రెండు కిటికీలు తీయించి వినైల్‌వి పెట్టించాం. పన్నెండేళ్లు తిరగకుండానే వాటి సీలు పోయి, రెండు అద్దాల మధ్య శాశ్వతంగా పొగమంచు పట్టింది. వాటిని బాగుచేయడం కుదరదు, మొత్తం మార్చవలసిందే. పారేసిన పాతవి మాత్రం ముదురు చెట్ల నుంచి కోసిన, సన్నటి వలయాలున్న గట్టి కలపతో చేసినవి. అలాంటి కలప ఇప్పుడు మామూలు దుకాణంలో దొరకదు. ఆ పని నేను ఈనాటికీ బాధతోనే తలచుకుంటాను.

పాత ఇంట్లో ఏదీ ముట్టుకోకూడదని ఎవరూ అనడం లేదు. వీధి నుంచి కనిపించే భాగంపైనే ఈ పరిశీలన ఉంటుంది. లోపల వంటగది, స్నానాల గది మీ ఇష్టం. భూకంపాల నేల కనుక ఇంటి చట్రాన్ని పునాదికి బోల్టులతో బిగించడం కిటికీల కన్నా ముందు చేయవలసిన పని. 1978కి ముందటి ఇళ్లలో సీసం కలిసిన రంగు ఉండే అవకాశం ఎక్కువ, అందుచేత పరీక్ష చేయించకుండా గీకనివ్వకండి. 1972 నాటి కాలిఫోర్నియా మిల్స్ చట్టం కింద నగరంతో కనీసం పదేళ్ల ఒప్పందం చేసుకుని ఇంటిని సంరక్షిస్తే ఆస్తి పన్ను తగ్గే వీలుంది. మీ ఇంటికి అర్హత ఉందేమో ప్రణాళికా విభాగంలో అడగండి.

వినైల్ కిటికీలకు బయానా ఇచ్చే ముందు, బిగుసుకున్న ఒక్క పాత కిటికీని చెక్కపని తెలిసినవారితో విప్పించి చూడండి. చట్రం లోపల ఇనుప గుండు, దానిని రెక్కకు కలిపే తాడు ఉంటాయి. చాలాసార్లు తెగింది ఆ తాడు మాత్రమే. మా ఇంట్లో తాడు మార్చి, పేరుకున్న రంగు తీయించాక, నూరేళ్లు దాటిన ఆ రెక్క రెండు వేళ్లతో ఎత్తితే పైకి లేచి, ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తోంది.