నాన్న మంచం మీద ఉండగా రాసిన గిఫ్ట్ డీడ్ చెల్లుతుందా?

ప్రశ్న: మా నాన్నగారు పోయిన ఏడాది చనిపోయారు. మేం ఇద్దరు అక్కచెల్లెళ్ళం, ఒక తమ్ముడు. నాన్న ఉద్యోగం చేస్తూ కట్టుకున్న ఇల్లు, తాతగారి నుంచి వచ్చిన రెండెకరాల పొలం ఉన్నాయి. ఇంటి పన్ను రసీదు తమ్ముడి పేరు మీద రావడంతో నిలదీశాం. చనిపోవడానికి మూడు నెలల ముందే నాన్న రెండూ తనకి గిఫ్ట్ రాసిచ్చేశారన్నాడు. అప్పటికే నాన్నకు పక్షవాతం. కుడి చెయ్యి పనిచేసేది కాదు, మాట ముద్దముద్దగా వచ్చేది. అంతకుముందు ముగ్గురికీ సమానంగా వీలునామా కూడా రాశారు. రిజిస్టర్ అయిపోయాక ఎవరూ ఏం చేయలేరని అందరూ అంటున్నారు. కోర్టు మాటెత్తితే అమ్మ ఏడుస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: రిజిస్టర్ అయితే ఇక కదపలేమన్న మాట నమ్మకండమ్మా. నేను సబ్ రిజిస్ట్రార్‌గా చేసి రిటైరైనవాణ్ని. వచ్చిన మనిషి ఆయనేనా, కాగితం తనే రాసిచ్చానని ఒప్పుకుంటున్నాడా, మతి సరిగా ఉన్నట్టే కనిపిస్తున్నాడా – మేం చూసేది అంతవరకే. ఆస్తి అసలు ఎవరిది, ఇంట్లో ఆయన్ని ఎవరు ఎంత ఒత్తిడి పెట్టారు అన్నవి మా టేబుల్ దాకా రావు. వాటిని తేల్చాల్సింది సివిల్ కోర్టే.

ముందు దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, రెండు ఆస్తుల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ధ్రువపత్రం) తీయించండి. తమ్ముడు చూపించే జిరాక్సుతో సరిపెట్టుకోకండి. కాపీ రాగానే అందరూ ఆస్తి వివరాల పేజీకి వెళ్తారు. మీరు మాత్రం రిజిస్ట్రార్ ఎండార్స్‌మెంటు, అంటే దస్తావేజు మీద ఆఫీసరు రాసే నమోదు, చదవండి. దస్తావేజు ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ దాఖలైందో అక్కడ ఉంటుంది. మనిషి కదల్లేని స్థితిలో ఉంటే ఆఫీసరే ఇంటికో ఆస్పత్రికో వెళ్ళి రిజిస్టర్ చేయవచ్చు. మేం ప్రైవేట్ అటెండెన్స్ అనేది దాన్నే. మీ నాన్నగారి కాగితంలో ఆఫీసులోనే దాఖలైనట్టు ఉండి, ఆ రోజు ఆయన ఆస్పత్రిలో అడ్మిటై ఉన్నారనుకోండి, మీ కేసు సగం అక్కడే నిలబడుతుంది. వేలిముద్రలు, ఫొటో, సాక్షుల పేర్లు కూడా చూడండి. ఆస్పత్రి కేస్ షీట్లు, డిశ్చార్జి సమ్మరీలు ఇప్పుడే సంపాదించి పెట్టుకోండి.

ఇక పొలం. తాత నుంచి వచ్చిందంతా పిత్రార్జితమేనని చాలామంది అనుకుంటారు, కాదు. అది తాతగారి స్వార్జితమై, ఆయన 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా రాయకుండా పోయి ఉంటే, మీ నాన్నకు వచ్చిన వాటా ఆయన సొంత ఆస్తే. (మీ కుటుంబానికి ఆ చట్టమే వర్తిస్తుందనుకుని చెబుతున్నాను.) అలాకాక తాతముత్తాతల నుంచి వస్తున్న ఉమ్మడి ఆస్తి అయితే, 2005 సవరణతో మీ ఇద్దరికీ పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కు ఉంది. 2020లో సుప్రీంకోర్టు ఆ విషయం ఖాయం చేసింది. ఉమ్మడి ఆస్తిని తండ్రి కేవలం ప్రేమాభిమానాలతో ఒకరికి దానం చేయడం చెల్లదని 2022లో అదే కోర్టు చెప్పింది. కాబట్టి పొలం పాత కాగితాలు, తాతగారు పోయిన సంవత్సరం, పంపకాలు ఎప్పుడు జరిగాయన్నది తేల్చుకోండి. నా అంచనాలో మీకు బలమున్నది పొలం దగ్గరే.

ఇంటి సంగతి వేరు. అది నాన్నగారి స్వార్జితం, ఆయన ఇష్టం. ఒక బిడ్డకే ఇచ్చారన్నంత మాత్రాన గిఫ్ట్ రద్దు కాదు. జబ్బుగా ఉన్నారన్నా చాలదు. చెయ్యి పడిపోయిన మనిషికి మతి నిక్షేపంగా ఉండొచ్చు. అయితే జబ్బుతో మనసు బలహీనపడి, తమ్ముడి మీదే పూర్తిగా ఆధారపడిన మనిషి చేత రాయించుకున్నాడని, ఆ లావాదేవీ చూడ్డానికే అన్యాయంగా ఉందని మీరు చూపగలిగితే, ఒత్తిడి లేదని రుజువు చేసుకోవాల్సిన బరువు అతని మీద పడుతుంది. ఇక్కడ ఒక మాట అడగాలి. ఆ చివరి నెలల్లో నాన్నగారిని ఎవరు చూసుకున్నారు? మీ ఉత్తరంలో ఆ ముక్కే లేదు. కోర్టులో అవతలి లాయరు మొదట అడిగేది అదే. రాత్రీ పగలూ తమ్ముడే చూసుకుని ఉంటే ఇంటి మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

వీలునామా ముందు రాశారా, గిఫ్ట్ ముందా అన్నది పెద్ద లెక్కలోకి రాదు. వీలునామా రాసిన మనిషి పోయాక అమలయ్యేది, గిఫ్ట్ అప్పటికప్పుడే ఆస్తిని దాటించేస్తుంది. పోయేనాటికి తనది కానిదాన్ని ఎవరూ వీలునామాతో పంచలేరు. గిఫ్ట్ రద్దయితేనే వీలునామాకు విలువ. అందుకని వీలునామా ఒరిజినల్ జాగ్రత్తగా ఉంచండి, దాని సాక్షులు ఎక్కడున్నారో కనుక్కోండి.

అమ్మ విషయంలో తొందరపడకండి. దస్తావేజు మీద సాక్షిగా ఆవిడ సంతకం ఉందేమో చూశాకే కూర్చుని మాట్లాడండి. ఇంట్లో ఎవరో పెట్టమంటే పెట్టి, ఆ సంగతి మీకు ఎలా చెప్పాలో తెలియక ఏడుస్తుండొచ్చు. ఇలాంటివి చాలా చూశాను. తమ్ముడు ఆవిణ్ని పోషించకపోతే 2007 సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆవిడే ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. ఆ చట్టంతో నాన్నగారి గిఫ్ట్‌ను మీరు రద్దు చేయించాలనుకుంటే మాత్రం కుదరదు, ఆ అవకాశం రాసిచ్చిన పెద్దాయనకే ఉంటుంది.

గడువు మర్చిపోకండి. దస్తావేజు రద్దు కోరే దావాకు, విషయం తెలిసిన రోజు నుంచి మూడేళ్ళే సమయం. ఎలా తెలిసిందో చూపే కాగితం, అంటే ఆ పన్ను రసీదు, మీ దగ్గర ఉంచుకోండి. ఫీజుకు భయపడి ఆగొద్దు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. రాజీ కుదిరేట్టుంటే లోక్ అదాలత్‌లో రాయించుకోవచ్చు, దానికి కోర్టు తీర్పుతో (డిక్రీతో) సమానమైన విలువ ఉంటుంది.

ఈలోగా తమ్ముడు లోను కోసమనో, ఊరికే ఫార్మాలిటీ అనో మీ ఇద్దరి సంతకాలు అడిగితే పెట్టకండి. హక్కు విడుదల పత్రం, అంటే మీ వాటా వదులుకున్నట్టు రాసిచ్చే కాగితం, అలాగే వస్తుంది. గిఫ్ట్ అంత గట్టిదైతే మీ సంతకాలతో అతనికి పనేమిటి?