పెట్టెలో లేని పలక

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు బోర్డ్ గేముల పెట్టెలు తెప్పిస్తున్నావనీ, ఇకమీదట ప్రతి ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చోవాలని పట్టుబట్టావనీ, తనను కూడా ఆడమంటున్నావనీ చెప్పింది. అంతా చెప్పి, కాసేపు ఊరుకుని, "నాకెందుకురా అవన్నీ" అంది. నువ్వు ఇలాంటి పని తలపెట్టినందుకు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ ఆ "నాకెందుకురా" అనే మాట వెనక ఒక కథ ఉంది, అందులో దోషిని నేనే. నువ్వు మొదటి పెట్టె మూత తీసేలోపు అది నీకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు తేలిక సంగతులు చెప్పేస్తాను. వెలుతురు బాగా పడే బల్ల చూసుకో. మంచినీళ్ల గ్లాసులు బల్ల మీద కాకుండా పక్కన స్టూలు మీద పెట్టించు. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలు ఇంట్లో ఉన్న రోజున చిన్న ముక్కల ఆటలు అసలు బయటికి తీయకు. ఈ విషయంలో నేను చాదస్తుణ్ణని మీ అత్తయ్య అన్నా సరే, నువ్వు మాత్రం నా మాటే విను.

పెట్టెల ఎంపికలో తొందరపడవద్దు. జర్మనీలో 1979 నుంచి ఏటా ఒక ఆటకు 'ష్పీల్ డెస్ యారెస్' అనే బహుమతి ఇస్తున్నారు. అది ఎక్కువగా కుటుంబమంతా కలిసి ఆడుకోగల ఆటలకే వస్తుంది కనుక కొత్తవాళ్లకు అదొక మంచి దారి. 1995లో కటాన్, 2001లో కార్కసాన్, 2004లో టికెట్ టు రైడ్, 2018లో అజూల్ ఆ బహుమతి పొందినవే. మీ ఇంట్లో నలుగురున్నారు కాబట్టి ముందుగా టికెట్ టు రైడ్ తీయి. వంతు వచ్చినప్పుడు చేయగలిగినవి మూడే పనులు: రంగు కార్డులు తీసుకోవడం, రైలు మార్గం వేయడం, లేదా కొత్త టికెట్లు, అంటే ఫలానా రెండు ఊళ్లను రైలు మార్గంతో కలపమని చెప్పే కార్డులు, తీసుకోవడం. ఎవరి చేతిలోనైనా 45 రైలుపెట్టెల్లో రెండో అంతకంటే తక్కువో మిగిలితే ఆట చివరికి వచ్చినట్టే. అయితే పూర్తి చేయలేకపోయిన టికెట్ విలువ చివర్లో మన పాయింట్ల నుంచి తగ్గిపోతుందని మొదట్లోనే గట్టిగా చెప్పు. ఈ ఒక్క నియమం ఆఖర్న బయటపడి మీ నాన్న ముఖం మాడ్చుకోవడం నేను చూశాను.

కటాన్‌కు కనీసం ముగ్గురు కావాలి. నేల మీద రాసి ఉన్న అంకె పాచికల్లో పడితేనే ఆ నేల పక్కన ఇల్లున్నవాళ్లకు సరుకు వస్తుంది. అందులో రెండు పాచికలు వేస్తే 7 పడే దారులు 36లో 6, అదే 2 గానీ 12 గానీ పడేది ఒక్కో దారిలోనే. ఇది చెప్పకుండా ఆడిస్తే, 12 గుర్తున్న నేల పక్కన ఇల్లు కట్టుకున్న మనిషి గంటసేపు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి వస్తుంది. టెర్రాఫార్మింగ్ మార్స్ నీకు నచ్చుతుందని నాకు తెలుసు. కానీ రెండు వందలకు పైగా వేరువేరు కార్డులున్న ఆ ఆటను మొదటి నెలలో బల్ల మీదికి తెచ్చావంటే రెండో నెలలో నీతో ఆడేవాళ్లు ఉండరు. అందరూ ఒక పక్షమై రోగాలతో పోరాడే పాండెమిక్‌లోనూ ఒక చిక్కు ఉంది. ఎదుటివాళ్ల కార్డులు కూడా కనిపిస్తుంటాయి కనుక ఆట బాగా తెలిసిన మనిషి మిగిలిన ముగ్గురి వంతులూ తానే ఆడేస్తాడు. ఆ మనిషి నీ ఇంట్లో ఎవరవుతారో నేను వేరే చెప్పనక్కర్లేదు కదా.

ఇక ఈ ఆటల డిజిటల్ రూపాల గురించి. నీ టాబ్లెట్‌లో ఇప్పటికే నాలుగైదు దించుకున్నావని మీ అమ్మ చెప్పింది. అది తప్పని నేను అనను. నియమం తప్పితే యాప్ ఒప్పుకోదు, పాయింట్లు దానంతట అదే లెక్కవేస్తుంది, ముక్కలు సర్దే పని ఉండదు, ఎవరూ తోడు లేని రాత్రి యంత్రంతోనైనా ఆడుకోవచ్చు. నియమాల పుస్తకం పదిసార్లు చదివినా అర్థంకాని చోటు ఒక్క ఆటలో తేలిపోతుంది. అయితే యాప్‌లో పావుగంటలో అయిపోయే ఆట బల్ల మీద గంట పడుతుంది. ఆ మిగిలిన ముప్పావుగంటా వృథా అని నేను ఒకప్పుడు అనుకున్నాను. నా పొరపాటు అక్కడే మొదలైంది.

అప్పటికి నీకు పదేళ్లుంటాయి. మీ ఇంట్లో మేం ఆడుతూ ఉండేది కార్కసాన్. క్లౌస్-యూర్గెన్ వ్రెడె 2000లో తెచ్చిన ఆట అది. పెట్టెలో 72 చదరపు పలకలు ఉంటాయి, ఒక్కొక్కదాని మీద కోట ముక్కో, రోడ్డో, పొలమో, మఠమో గీసి ఉంటుంది. వంతుకొకటి తీసి, కోటకు కోట, రోడ్డుకు రోడ్డు, పొలానికి పొలం అతికేలా పెట్టాలి. దాని మీద మీపుల్ అనే చెక్క మనిషిని నిలబెడితే ఆ కోట మనది. ఒక్కొక్కరికి 8 బొమ్మలు. ఒకటి పాయింట్ల బోర్డు మీద తిరుగుతుంది, 7 ఆటలో ఉంటాయి. కోట మూసుకుంటే పలకకు 2 పాయింట్లు, బొమ్మ తిరిగి చేతికొస్తుంది. మూసుకోకపోతే ఆట చివర్లో పలకకు 1 మాత్రమే, బొమ్మ అప్పటిదాకా అక్కడే ఇరుక్కుంటుంది. నువ్వు ఆడేవాడివి కాదు. మీ అమ్మ పక్కన కూర్చుని, ఆవిడ చేతిలో మిగిలిన పసుపు బొమ్మలను బల్ల అంచున వరసగా నిలబెడుతూ, ఒకటి పడిపోతే మళ్లీ మొదటి నుంచి పేర్చేవాడివి.

మీ అమ్మ ఆడే తీరు వేరు. పలక చేతిలోకి తీసుకుని నాలుగు వైపులకూ తిప్పి చూసేది. పాయింట్ల కంటే బొమ్మ అందంగా కుదరడం ఆవిడకు ముఖ్యం. "ఈ రోడ్డు ఇటు వంగితే ఈ కోటకు తోవ ఏర్పడుతుంది కదరా" అనేది. నాకేమో అప్పుడే కొత్తగా ఫోన్‌లో యాప్ దొరికింది. ఎవరికీ చెప్పకుండా రెండు నెలల పాటు రాత్రిళ్లు ఆడాను, వందల ఆటలు ఆడి ఉంటాను. యాప్‌లో పలక ఎక్కడెక్కడ సరిపోతుందో ఆ చోట్లన్నీ వెలిగి కనిపిస్తాయి, ఆలోచించే పనే ఉండదు. ఆడగా ఆడగా 72 పలకలూ నాకు కంఠతా వచ్చేశాయి. నాలుగు వైపులా కోట ఉన్నది ఒకే ఒక్కటనీ, నాలుగు రోడ్ల కూడలి కూడా ఒక్కటేననీ, అన్నిటికంటే ముఖ్యంగా ఎలాంటి పలక ఆ పెట్టెలో లేదో కూడా తెలిసిపోయింది. యంత్రం నామీద వేసిన ఎత్తులన్నీ నేర్చుకున్నాను. ఎదుటివాళ్ల కోటను మనం కట్టుకోలేకపోయినా, అది ఎప్పటికీ మూతపడకుండా చేయవచ్చన్నది వాటిలో ఒకటి.

ఆ రోజు మీ అమ్మ రెండు కోటలు ఎదురెదురుగా కట్టుకొచ్చింది, ఒకటి ఐదు పలకలది, ఇంకొకటి నాలుగు పలకలది. రెండింటిలోనూ ఒక్కొక్క పసుపు బొమ్మ నిలబడి ఉంది. మధ్యలో ఒకే ఒక్క ఖాళీ. అక్కడ సరైన పలక పడితే రెండూ కలిసి పది పలకల కోట అవుతుంది, 20 పాయింట్లు వస్తాయి. ఆ ఖాళీకి ఒక పక్కన అప్పటికే రోడ్డు వచ్చి ఆగి ఉంది. నా వంతులో రోడ్డు పలక పడింది. దాన్ని తీసుకెళ్లి రెండో పక్కన పెట్టాను. ఇప్పుడు ఆ ఖాళీలో పట్టాలంటే ఎదురెదురు వైపుల కోట, మిగిలిన రెండు వైపులా రోడ్డు ఉన్న పలక కావాలి. అలాంటిది ఆ 72లో లేదు. అది నాకు తెలుసు, ఆవిడకు తెలియదు.

ఆ తర్వాత అరగంట సేపు ఆవిడ ఆ పలక కోసం చూసింది. వంతు వచ్చిన ప్రతిసారీ, పలక వెనక్కి తిప్పే ముందు చూపుడువేలితో దాని అంచు ఒకసారి తడిమేది. నువ్వు కూడా "అమ్మా, ఈసారి వస్తుంది చూడు" అనేవాడివి. నేను నవ్వు బిగబట్టుకుని కూర్చున్నాను. అంతటితో ఆగానా అంటే అదీ లేదు. ఆవిడ ఆలోచిస్తుంటే "త్వరగా కానీ అక్కా, ఇంత సేపా" అని బల్ల మీద వేళ్లతో తాళం వేశాను. చివరి పలక కూడా అయిపోయాక ఆవిడ ఆ ఖాళీ మీద వేలు పెట్టి, "ఇది ఎవరి దగ్గర ఉండిపోయిందిరా?" అని అడిగింది. నేను గొప్పగా, ఏదో రహస్యం విప్పుతున్నట్టు, "అది లేనే లేదక్కా, పెట్టెలోనే లేదు" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. ఇరవై రావాల్సిన చోట తొమ్మిది రాసుకుంది. తన రెండు బొమ్మలూ తీసి నీ వరసలో చివర నిలబెట్టి, లోపల పని ఉందని లేచి వెళ్లింది. నేనెంత తేడాతో గెలిచానో ఇప్పుడు గుర్తులేదు. మరుసటి వారం పిలిస్తే "మీరు ఆడుకోండిరా" అంది, ఆ పై వారమూ అదే మాట. పదకొండేళ్లయింది.

నేను నియమం తప్పలేదు, అల్లుడూ. ఆ ఎత్తు ఆటలో ఉన్నదే, బాగా ఆడేవాళ్లందరూ వేసేదే. తప్పు యాప్‌దీ కాదు. ఇద్దరికీ తెలిసిన విషయం మీద వేస్తే అది ఎత్తు. ఒకరికి తెలిసి, రెండోవాళ్లకు అలాంటి సంగతి ఉందన్న ఊహ కూడా లేనప్పుడు దాన్ని ఏమనాలో నాకు తెలియదు. ఏ పలకలు ఎన్ని ఉన్నాయో చూపే పట్టిక నియమాల పుస్తకంలోనే ఉంది. ఆట మొదలుపెట్టే ముందు ఆ పేజీ తెరిచి బల్ల మీద పెట్టి ఉంటే సరిపోయేది, ఆవిడే నాకంటే ముందు ఆ ఖాళీని కాపాడుకునేది.

అందుకని నీకు చెప్పేది ఇది. నువ్వు యాప్‌లో ఏ ఆట ఎంత ఆడావో బల్ల దగ్గర దాచుకోకు. "నేను దీన్ని యాభైసార్లు ఆడాను, మీకు ఇదే మొదలు" అని చెప్పి, నీకు తెలిసిన కిటుకులు ముందే అందరి ముందూ పెట్టు. మొదటి ఆట కార్డులన్నీ తెరిచి పెట్టి, గెలుపోటములు లేకుండా ఆడించు. నియమాల పుస్తకం గట్టిగా చదివి వినిపించకు. బల్ల మీద ముక్కలన్నీ ముందే సర్దిపెట్టి, చేయి పెట్టి చూపిస్తూ చెప్పు. పాయింట్లు లెక్కవేసే పని మీ అమ్మకు అప్పగించు. యాప్‌కు అలవాటుపడ్డవాళ్లకు ఈ లెక్కలు రావు. కార్కసాన్‌లో రైతుల లెక్క, అంటే పొలంలో పడుకోబెట్టిన బొమ్మలకు వచ్చే పాయింట్ల లెక్క, యాప్ చేసి పెడుతుంది కదా అని నేను అంతవరకూ దాన్ని నేర్చుకోనేలేదు, కాగితం మీద తప్పు వేస్తే మీ అమ్మే దిద్దింది. పైగా ఆ లెక్క మొదట్లో వచ్చిన పుస్తకాల్లో ఒకలా, తర్వాతి వాటిలో ఇంకోలా ఉంటుంది. పెట్టెలో ఉన్న పుస్తకాన్నే ప్రమాణంగా పెట్టుకోండి, యాప్ ఏమంటుందని వాదనకు దిగవద్దు.

ఎవరైనా ఆలోచిస్తుంటే తొందరపెట్టకు. ఈ మాట ఉత్తరం మొత్తంలో ఇంకెక్కడా కనపడకపోయినా ఇక్కడ రెండుసార్లు చదువు. యాప్‌లో ఎదుటి ఆటగాడి వంతు రెప్పపాటులో అయిపోతుంది, కళ్లు దానికి అలవాటు పడతాయి. మనిషి పలకను తిప్పి చూసుకునే ఆ నిమిషం నీకు బరువుగా అనిపించిన రోజున, లేచి నీళ్లు తాగి రా.

నాతో ఆడాలనుకుంటే మాత్రం టాబ్లెట్ తీయి. 2010లో మొదలైన బోర్డ్ గేమ్ అరీనా అనే సైట్ ఒకటి ఉంది, కార్కసాన్ అక్కడా ఆడవచ్చు. ఇద్దరూ ఒకే వేళకు కూర్చోనక్కర్లేదు, ఎవరికి తీరినప్పుడు వాళ్లు రోజుకొక వంతు ఆడుకోవచ్చు. దూరంగా ఉన్నవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? నన్ను ఓడించడానికి నీకు ఏ ఎత్తు తోచినా వేసెయ్, నాకు అన్నీ తెలుసు. మీ అమ్మ సరేనంటే ముగ్గురం ఆడదాం. అడగడం మాత్రం నువ్వే అడుగు. నేను అడిగితే కాదనలేక ఒప్పుకుంటుంది, అది నాకు ఇష్టం లేదు.

ఈ ఉత్తరంతో పాటు ఆ పాత కార్కసాన్ పెట్టె కూడా పంపుతున్నాను. పలకలు 72 ఉన్నాయి. పట్టిక ఉన్న పేజీ చిరిగితే అతికించాను. నీలం బొమ్మల్లో ఒకటి పోయింది, దాని బదులు చొక్కా గుండీ వేశాను, ఆ రంగు నువ్వు తీసుకో. పసుపువి ఎనిమిదీ ఉన్నాయి, రెండుసార్లు లెక్కపెట్టాను.

ఇట్లు,
మీ మామయ్య