చెరువులో వదిలిన చేప ఎక్కడికి చేరుతుంది? (పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు)

చెరువుల్లోకి, నదుల్లోకి కొత్తగా చేరుతున్న చేపల గురించి బెంగళూరు పాఠకులు పంపిన ప్రశ్నలను ఈ సంచికలో ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అబ్బాయి అక్వేరియం కోసం కొన్న సక్కర్ చేప ఇప్పుడు అడుగు పొడవు పెరిగింది. గాజు తొట్టెలో అది తిరగడానికి కూడా చోటు చాలడం లేదు. దానిని కల్కెరె చెరువులో వదిలితే పుణ్యం వస్తుందని మా అత్తగారు అంటున్నారు. వదలవచ్చునా?
– ఒక గృహిణి, రామమూర్తినగర్

జవాబు: అమ్మా, దయచేసి వదలకండి. మీ అత్తగారి జీవకారుణ్యాన్ని గౌరవిస్తున్నాము. అయితే ఆ కారుణ్యం ఒక్క చేపకు మేలు చేస్తే, దాని వల్ల కలిగే కష్టం చెరువులోని మిగతా ప్రాణులన్నింటిమీదా పడుతుంది.

సక్కర్ చేప పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినోకో నదుల ప్రాంతం. దాని ఒంటినిండా ఎముక పలకలు, రెక్కలకు గట్టి ముళ్లు ఉంటాయి కనుక, పెరిగిన చేపను మన కొంగలు గానీ కొర్రమీనులు గానీ మింగలేవు. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు అది పైకి వచ్చి గాలిని మింగి, దానిలోని ప్రాణవాయువును పొట్ట గోడల ద్వారా గ్రహించుకుంటుంది. బెంగళూరు చెరువుల్లో ఈ ఒక్క లక్షణమే దానికి పెద్ద బలం. మురుగు చేరిన చెరువుల్లో తెల్లవారుజాము వేళ ప్రాణవాయువు బాగా పడిపోతుంది. 2016 మార్చిలో హలసూరు చెరువులో వేలకొద్దీ చేపలు చచ్చి తేలిన సంగతి ఈ నగరవాసులకు గుర్తుండే ఉంటుంది. అటువంటి సమయంలో పరిగెల వంటి చిన్న చేపలు ముందుగా చనిపోతాయి, గాలి పీల్చగలిగినవి మిగులుతాయి. ఖాళీ అయిన చోట ఆహారమూ గుడ్లు పెట్టే తావులూ ఆ మిగిలినవాటికే దక్కుతాయి. అందువల్ల మురుగును ఒక సమస్యగా, బయటి నుంచి వచ్చిన చేపను మరొక సమస్యగా విడదీసి చూడటం సరికాదని మా అభిప్రాయం.

గుడ్లు పెట్టే కాలంలో మగ సక్కర్ చేప గట్టు మట్టిలో లోతైన బొరియ తవ్వి, గుడ్లకు కాపలా కాస్తుంది. ఇలాంటి బొరియలు పెరిగిన కొద్దీ గట్టు గుల్లబారి, నీటి ఒరిపిడికి కోసుకుపోతుంది. ఆంధ్ర, తెలంగాణలలో మత్స్యకారులు ‘దెయ్యం చేప’ అని పిలిచేది దీనినే. అది వలలను చింపుతుంది, పట్టినా కొనేవారు ఉండరు. నీటిలో కలిసిన డీఎన్ఏ ఆనవాళ్ల ఆధారంగా ఈ చేప ఉనికిని పసిగట్టే పరీక్షను హైదరాబాదులోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) శాస్త్రవేత్తలు రూపొందించారు. తూర్పు కనుమల జలాశయాల్లో అది విస్తృతంగా వ్యాపించిందని ఆ పరీక్ష వల్లనే తెలిసింది.

ఇక అది కల్కెరె చెరువులోనే ఉండిపోతుందని కూడా అనుకోవద్దు. ఈ నగరపు చెరువులను పూర్వులు ఒకదాని అలుగు నీరు రాజకాలువల (వాన నీటి పెద్ద కాలువల) గుండా మరొకదానికి చేరేలా గొలుసుగా నిర్మించారు. మీ వైపు నీరు చివరికి దక్షిణ పినాకినిలో కలిసి, హోసూరు, కృష్ణగిరి మీదుగా కడలూరు దగ్గర సముద్రానికి చేరుతుంది. నగరానికి పడమట పడిన వాన వృషభావతి, అర్కావతి మీదుగా కావేరిలో కలుస్తుంది. ఒక్క పెద్ద వానకు అలుగు పారితే, మీరు వదిలిన చేప సంతానం మూడు నాలుగు చెరువులు దాటిపోగలదు.

కొన్న దుకాణం వారే తిరిగి తీసుకుంటారేమో అడగండి. లేదా పెద్ద తొట్టె ఉన్న అక్వేరియం అభిమానులకు ఇవ్వండి. ఏ దారీ దొరకకపోతే పశువైద్యుని సలహా తీసుకోండి. తొట్టె నీటిని, అందులోని మొక్కలను కూడా చెరువులోకి, కాలువలోకి పారబోయకండి.

ప్రశ్న: దోమల నివారణకు మా లేఅవుట్‌లోని కుంటలో గంబూసియా చేపలను వదలాలని సంఘంలో అనుకుంటున్నాము. ఇది మంచిదేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, హొరమావు

జవాబు: మూత ఉన్న సంపుల్లోనూ, బయటి నీటితో సంబంధంలేని సిమెంటు తొట్లలోనూ వాడుకోవచ్చు గానీ, కుంటలో వదలవద్దని మా సలహా. ఉత్తర అమెరికాకు చెందిన గంబూసియాను మన దేశానికి 1928లో ఇటలీ నుంచి తెచ్చారు. అది దోమ పిల్లలను తింటుందన్నది నిజమే. అయితే అది వాటితోనే సరిపెట్టుకోదు. కప్ప పిల్లలను, ఇతర చేపల గుడ్లను, పిల్లలను తింటుంది, తనకంటే పెద్ద చేపల రెక్కలను కూడా కొరుకుతుంది. దోమ పిల్లలను తినే తూనీగ పిల్లలు సైతం దానికి ఆహారమే. అంటే దోమలను అదుపు చేయడానికి తెచ్చిన చేప, దోమల సహజ శత్రువులనే తగ్గిస్తుంది. పైగా ఆడచేప గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లలను కంటుంది కనుక దాని సంఖ్య త్వరగా పెరుగుతుంది.

మన కుంటల్లోనే నీటి పైపొరలో తిరిగే, నడినెత్తిన మెరిసే తెల్లని చుక్క ఉన్న చిన్న చేప ఒకటి ఉంటుంది. దోమ పిల్లలను ఇష్టంగా తినే ఆ స్థానిక చేప మీ కుంటలో ఇంకా మిగిలి ఉందేమో ముందుగా చూడండి. ఉంటే, కుంటలోకి మురుగు రాకుండా ఆపితే చాలు, దాని పని అది చేసుకుంటుంది.

ప్రశ్న: ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను నిషేధించారని విన్నాము. మరి ఎందుకు నిషేధించారు?
– ఒక విద్యార్థి, మారతహళ్లి

జవాబు: దాని పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా ఈ నిషేధాన్ని కచ్చితంగా అమలు చేయాలని ఆదేశించింది. మన మార్పు చేపకు ఇది దగ్గరి బంధువే అయినా, మీటరుకు మించి పెరుగుతుంది, చేపలు, కప్పలు, నత్తలు, ఏది దొరికినా తింటుంది, వానాకాలంలో తడి నేలమీద పాకుతూ పక్క చెరువుకు చేరగలదు. కోళ్ల వ్యర్థాలు, కబేళా వ్యర్థాలు వేసి మురికి గుంటల్లోనే పెంచవచ్చు కనుక రహస్య పెంపకం లాభసాటిగా మారింది. వరద వచ్చినప్పుడు ఆ గుంటల్లోంచే అది నదుల్లోకి పోతుంది. 2018 కేరళ వరదల తరువాత అమెజాన్‌కు చెందిన ఆరపైమా అనే చేప అక్కడి నదుల్లో వలలకు చిక్కడానికీ ఇలాంటి పెంపకపు చెరువులే కారణం.

ప్రశ్న: విదేశీ చేపలు హాని చేస్తాయంటే అర్థమైంది. మన దేశపు చేపలను మన నదుల్లోనే వదిలితే అది కూడా తప్పవుతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, కె.ఆర్.పురం

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నింటిలో ఇది ముఖ్యమైనది. చేపల విషయంలో దేశపు ఎల్లలకంటే నదీ పరివాహక ప్రాంతపు ఎల్లలకే విలువ ఎక్కువ. మంచినీటి చేప ఒక నది నుంచి మరొక నదికి గట్టు దాటి పోలేదు, సముద్రంలోని ఉప్పునీటిని ఈదీ పోలేదు. అందుకే లక్షల ఏళ్లలో ఒక్కొక్క నదిలో ఆ నదికే ప్రత్యేకమైన జాతులు రూపుదిద్దుకున్నాయి.

కావేరి సంగతే చూడండి. ఆ నదికి, దాని ఉపనదులకు మాత్రమే చెందిన మూపురపు మహసీర్ (మహసీర్ అంటే నదుల్లో పెరిగే ఒక రకం పెద్ద చేప) ప్రపంచంలోని అతి పెద్ద మహసీర్లలో ఒకటి. 1946లో కావేరి ఉపనది కబినిలో గాలానికి చిక్కిన చేప 120 పౌండ్లు తూగింది. 1970వ దశకం నుంచి మహారాష్ట్రలోని లోనావాలా దగ్గర, కృష్ణా పరివాహకానికి చెందిన నీలిరెక్కల మహసీర్ పిల్లలను హేచరీలో ఉత్పత్తి చేసి, మహసీర్లను కాపాడాలన్న మంచి ఉద్దేశంతోనే అనేక రాష్ట్రాలకు పంపారు. ఆ పిల్లలను కావేరిలోనూ వదిలారు. అవి అక్కడ బాగా స్థిరపడ్డాయి.

తరువాత ఏమి జరిగిందో తెలిపింది గాలం వేసేవారి రికార్డులే. పట్టి తిరిగి నీటిలో వదిలేసే పద్ధతి పాటించే శిబిరాల్లో 1998 నుంచి 2012 వరకు నమోదైన వివరాలను పరిశోధకులు పరిశీలించగా, నీలిరెక్కల చేపల సంఖ్య పెరుగుతూ పోయినట్లు, మూపురపు చేపలు తగ్గిపోతూ, చిక్కినవాటి సగటు పరిమాణం మాత్రం పెరిగినట్లు తేలింది. చేపలు పెద్దవవడం శుభసూచకమని పైకి అనిపిస్తుంది. నిజానికి దాని అర్థం పిల్లలు రావడం లేదని, మిగిలిన ముసలి చేపలే మళ్లీ మళ్లీ చిక్కుతున్నాయని. ఆనకట్టలు, ఇసుక తవ్వకం, డైనమైట్‌తో చేపలు పట్టడం కూడా ఈ జాతిని దెబ్బతీశాయి కనుక నేరమంతా నీలిరెక్కల చేపమీద మోపలేము. ఇంకా బాధాకరమైన విషయం ఏమిటంటే, ఇంత ప్రసిద్ధమైన చేపకు శాస్త్రీయ నామం టోర్ రెమదేవీ అని నిర్ధారణ అయినది 2018లో. తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో దానిని చేర్చినదీ ఆ ఏడాదే. ఏ జాతిని కాపాడాలో శాస్త్రం తేల్చకముందే దాని ఇంట్లోకి మరొక జాతిని పంపామన్నమాట.

మనం ఇష్టంగా తినే బొచ్చె, శీలావతి కూడా కావేరికి కొత్తవే. గంగా పరివాహకం నుంచి తెచ్చి దక్షిణాది జలాశయాల్లో వేసినవి. గట్లున్న చెరువులో వాటిని పెంచుకోవడానికి మాకు అభ్యంతరం లేదు. నదిలో వదిలే ముందు మాత్రం, ఆ చేప ఆ నదిదేనా అని మత్స్యశాస్త్రం తెలిసినవారిని అడిగి తీరాలి.

ప్రశ్న: మా చెరువు నిండా తిలాపియాలే. త్వరలో పూడిక తీస్తారట. ఈ అవకాశంలో వాటిని పూర్తిగా తొలగించగలమా?
– ఒక చెరువు పరిరక్షణ సంఘ సభ్యురాలు, బెంగళూరు

జవాబు: పూర్తిగా అంటే కష్టమే గానీ, చాలావరకు తగ్గించవచ్చు. మనం జిలేబీ చేప అని పిలిచే మొజాంబిక్ తిలాపియాను 1952లో తమిళనాడులోని మండపం అనే ఊరికి తెచ్చారు. ఆడచేప గుడ్లను, పిల్లలను నోట్లోనే దాచుకుని కాపాడుతుంది, కొద్ది నెలల వయసులోనే సంతానానికి సిద్ధమవుతుంది. అందువల్ల కొన్ని మిగిలినా చాలు, మళ్లీ చెరువు నిండుతుంది. నీరు తోడేటప్పుడు చివరి మడుగుల్లో మిగిలిన చేపలను మత్స్యకారులతో ఏరించండి. తిలాపియాలను అమ్మించి, పరిగెలు, జెల్లలు, కొర్రమీనుల వంటి స్థానిక చేపలను వేరే తొట్లలో భద్రపరచండి. ఎగువ చెరువు నుంచి నీరు వచ్చే తూముకు సన్నకన్ను జల్లెడ పెట్టించండి. తిరిగి చేపపిల్లలను తెచ్చినప్పుడు సంచులను నేరుగా చెరువులో విప్పకుండా, ముందు తొట్టెలో పోసి, వేరే జాతి పిల్లలు కలిశాయేమో చూసుకున్న తరువాతే వదలండి.