లైనింగు విప్పి చూశాక రాయి

తమ్ముడూ,

సెంటు మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. "మత్తెక్కించే", "మనసు దోచే", "రాజసం ఉట్టిపడే" లాంటివి ఒక్క పేజీలోనే పదకొండు దొరికాయి. సీసా మూత మాత్రం నువ్వు ఎక్కడా తీయలేదు. "ఇటలీ టైలరింగ్ స్ఫూర్తితో తయారైన మగవాళ్ల పరిమళం" అని మొదట్లోనే రాశావు. ఆ టైలరింగ్‌కీ సెంటుకీ ఏం సంబంధమో చివరిదాకా చెప్పలేదు. ఆ వాక్యం కంపెనీ వాళ్ల కాగితంలోది, నీది కాదు.

నిన్ను తప్పుబట్టే అర్హత నాకు పెద్దగా లేదులే. కుర్రతనంలో నేనూ ఓ సెంటు గురించి "కొత్తగా కుట్టిన సూటు సువాసన" అని రాశాను. అచ్చయిన రెండు రోజులకు ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. నలభై ఏళ్లుగా కోట్లు కుడుతున్నాడట. "కొత్త సూటుకు సువాసన ఎక్కడిదండీ? ఇస్త్రీ పెట్టె కింద తడి ఉన్ని వాసన, సుద్ద వాసన, ఆపైన నా చెమట వాసన. తమరు వాసన చూసే రాశారా?" అన్నాడు. ఏం చెప్పను? ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

నువ్వు ఎంచుకున్నది అక్వా ది పార్మా అనే ఇటలీ సెంట్ల కంపెనీ వాళ్ల 'కొలోనియా' కాబట్టి దాని దగ్గరే మొదలుపెడదాం. 1916లో పార్మా నగరంలో పుట్టింది. అప్పట్లో జేబురుమాళ్ల మీద, టైలర్లు కుట్టిన బట్టల మీద దాన్ని చల్లేవారని కంపెనీ చెప్పుకుంటుంది. ఆ "చెప్పుకుంటుంది" అనే మాటను నువ్వు తీసేశావు, మళ్లీ పెట్టు. అయినా ఆ కథలో పట్టుకోదగ్గ పాయింటు ఒకటుంది. ఒంటి మీద కాకుండా బట్ట మీద ఎందుకు?

చేసి చూస్తే తెలుస్తుంది. నేను ఎడమ మణికట్టు మీద ఒక చుక్క, ఉతికిన నూలు రుమాలు మీద ఒక చుక్క వేసుకున్నాను. ముందుగా తగిలేది బెర్గమాట్. దక్షిణ ఇటలీలో కలాబ్రియా తీరంలో పండే నిమ్మజాతి కాయ అది. తొక్కను నొక్కి నూనె తీస్తారు. ఎర్ల్ గ్రే టీ తాగి ఉంటే ఆ వాసన నీకు తెలుసు. అరగంట తిరక్కముందే మణికట్టు మీద అది పోయింది, లావెండరూ రోజ్‌మేరీ మిగిలాయి. రుమాలు మీద మాత్రం సాయంత్రం దాకా పుల్లగా, పచ్చిగా ఉంది. ఒంటి వేడికి నిమ్మనూనెలు తొందరగా ఎగిరిపోతాయి, చల్లటి గుడ్డ వాటిని ఇంకాసేపు పట్టి ఉంచుతుంది. ఇది రాస్తే "రాజసం" అక్కర్లేదు. లేతరంగు బట్ట మీద చల్లితే మరక పడొచ్చని కూడా ఒక ముక్క రాయి, ఎవరో ఒకరి చొక్కా బతికిపోతుంది.

ఇక టైలరింగ్. "ఇటలీ టైలరింగ్" అని అంతా ఒకే ముద్ద చేశావు. పార్మా ఉత్తరాన ఉంది, నువ్వు వర్ణించిన మెత్తటి కోటు దక్షిణాన నేపుల్స్‌ది. 1930లలో అక్కడ జెన్నారో రుబినాచ్చి కొట్లో విన్చెంజో అట్టోలిని అనే కటింగ్ మాస్టరు ఇంగ్లిష్ కోటు భుజాల్లో కుక్కిన దూదిని, లోపలి గట్టి గుడ్డను, చాలావరకు లైనింగును తీసేశాడు. కోటు చేతిని చొక్కా చేతిలాగే, భుజం దగ్గర చిన్న చిన్న కుచ్చులు కనిపించేలా కుట్టారు. ఆ ఎండలకు అదే హాయి. తమాషా ఏమిటంటే ఆ కొట్టు పేరు 'లండన్ హౌస్'.

సెంటుదీ ఇదే కథ. కొలోనియా అంటే జర్మనీలోని కొలోన్ నగరం పేరే. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో అక్కడ వ్యాపారం చేసిన ఫరీనా అనే ఇటలీవాడు తన తేలికపాటి నిమ్మజాతి పరిమళానికి ఆ ఊరి పేరు పెట్టాడు. ఇటలీ కోటు లండన్ బోర్డు కింద, ఇటలీ సెంటు జర్మనీ ఊరి పేరుతో. రెండింట్లోనూ బరువు తగ్గించడమే పనితనం. ఈ పోలిక నాది, నచ్చితే వాడుకో. నేపుల్స్ కోటు నుంచే పార్మా సెంటు పుట్టిందని మాత్రం రాయకు. సెంటు 1916ది, ఆ కోటు తర్వాతది.

ఇంకొకటి. అడుగున మిగిలే వాసనల్లో "వెటివర్" అని రాసి వదిలేశావు. అది మన వట్టివేరే కదయ్యా! ఫ్రెంచివాళ్ల మాట తమిళ వెట్టివేరు నుంచి వెళ్లింది. ఎండాకాలం తడికల మీద నీళ్లు చల్లితే వచ్చే వాసన అంటే మన పాఠకుడు వెంటనే పట్టుకుంటాడు. కాకపోతే నూనెగా తీశాక ఆ తడిదనం తగ్గి, కాస్త పొగచూరినట్టు ఉంటుంది. ఆ తేడా కూడా రాయి, లేకపోతే మా టైలరు గారు ఈసారి నీకు ఫోన్ చేస్తాడు.

సీసా ఖరీదు గురించి నువ్వు రాసిన పేరా మొత్తం కొట్టేశాను. షాపువాడు చెబుతాడులే.

ఒక రుమాలు మీద రెండు చుక్కలు వేసి, తిరగరాసిన వ్యాసంతో పాటు కవర్లో పెట్టి పంపు. మన పోస్టులో ఇక్కడికి చేరేసరికి ఏ వాసన మిగిలిందో నేను రాస్తాను, నీ వ్యాసంతో సరిపోలిందో లేదో చూసుకుందువు గాని.

మీ అన్నయ్య